ముందు గీత, తరువాత గోదారి

కొత్తరేవు హైస్కూలు వరండాలో, సైన్సు గది తలుపు పక్కన, గోడకి ఒక గ్రాఫు కాగితం అంటించి ఉంటుంది. పంచాయతీ పడవ ఆ కాగితం చెప్పినట్టు నడుస్తుంది. ఇది వింతగా తోచేవాళ్ళు ఆ కాగితం లేని రోజుల్లో పడవ ఎలా నడిచేదో తెలుసుకోవాలి. అప్పుడు ప్రెసిడెంటు గారి బావమరిది చెప్పినట్టు నడిచేది.

ఊరికి ఎదురుగా గోదారి మధ్య చీపుర్లంక ఉంది. ఊరి గేదెలు అక్కడే మేస్తాయి, అక్కడే పడుకుంటాయి. వరద ముంచుకొచ్చే ముందు వాటిని పడవ మీద ఇవతలికి చేర్చాలి. ఒక ఏడాది బావమరిది గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూసి, "ఇంకా రెండ్రోజులు పడుతుందిలే" అన్నాడు. పట్టలేదు. ఆ వరదలో నూకరత్నం గేదెలు రెండూ పోయాయి. ఆమెకి మొగుడు లేడు, పొలం లేదు. ఉన్నవి ఆ రెండే. బావమరిది పరామర్శకి వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ తరువాతే భీమశంకరం మాష్టారు గ్రాఫు మొదలుపెట్టాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రేవులోకి దిగి, కొలతరాయి మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి వచ్చి కాగితం మీద చుక్క పెడతారు. చుక్కల్ని బట్టి గీత. పైన అడ్డంగా ఒక ఎర్రగీత. పంచాయతీ వాళ్ళు తీర్మానం కూడా చేశారు: గీత ఎర్రగీతని తాకితే పడవ పశువులకే, వాటిని తోలేవాళ్ళు తప్ప మనుషులెవరూ ఎక్కరాదు, తాకకపోతే పశువులకి ఇవ్వరాదు. బావమరిది ఆ రోజు నుంచి మాష్టారికి నమస్కారం మానేశాడు.

భీమశంకరం మాష్టారు మంచివాడని ఊళ్ళో ఎవరూ అనలేదు. భార్య పోయాక ఆయన మాట్లాడటం తగ్గించి కోప్పడటం పెంచాడు. పెన్సిలు ముల్లులా లేకపోతే పిల్లవాణ్ణి బయటికి పంపేవాడు. "నీ చుక్క కందిగింజంత ఉంది. గోదారి ఇందులో ఈ చివర ఉందా, ఆ చివర ఉందా?" అనేవాడు. అడ్డంగా ఏమిటో నిలువుగా ఏమిటో రాయకుండా తెస్తే, "ఇది గ్రాఫు కాదు, గాలిపటం. దారం కట్టుకుని పో" అనేవాడు. అన్నిటికంటే ఆయనకి గిట్టనిది, చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చున్న గ్రాఫు. "నువ్వు కొలవలేదు. ఇంట్లో చాప మీద పడుకుని గీశావు" అని చించేసేవాడు. గీత చుక్కల మధ్యలోంచి న్యాయంగా పోవాలి, కొన్ని చుక్కలు అటూ కొన్ని ఇటూ పడాలి. కొలిచిన వాడి గ్రాఫు అలాగే ఉంటుంది.

నూకరత్నానికి చదువు రాదు, గ్రాఫు వచ్చు. తరువాత మళ్ళీ కూడబెట్టుకుని నాలుగు గేదెల్ని చేసింది. పొద్దున్నే మాష్టారింట్లో పాలు పోసి, బడి మీదుగా వెళుతూ కాగితం చూసేది.

"గీత నడుం లేపింది మాష్టారూ ఇయ్యాల."

"లేపింది."

"ఎర్రదానికి ఇంకా దూరం ఉంది లెండి."

అంతే. ఆ ఊళ్ళో మాష్టారు తిట్టకుండా మాట్లాడే మనిషి ఆమె ఒకతే. ఆమె చదివినంత సరిగ్గా ఆయన క్లాసులో ఎవరూ గ్రాఫు చదవలేదు.

మన విద్యాశాఖకి ఏడాదికొక పూనకం వస్తుంది. ఒక ఏడాది చేతులు కడుక్కోవడం వచ్చింది. ఒక ఏడాది గుండ్రటి చేతిరాత వచ్చింది. ఈ ఏడాది గ్రాఫులు వచ్చాయి. పిల్లలు చేత్తో గీసే గ్రాఫులు స్పష్టంగా, ఖచ్చితంగా ఉండాలని పైన ఎవరో అన్నారు. అనడం వరకు మంచి మాటే. దాన్ని అమలు చేయడానికి జిల్లాకొక గ్రాఫుల నాణ్యతా ప్రమాణాల ప్రత్యేకాధికారిని వేశారు. ఈ జిల్లాకి చిద్విలాసరావు గారు వచ్చారు.

ఆయన కొత్తరేవు వచ్చిన రోజు పిల్లలు వేడినీళ్ళు చల్లారే ప్రయోగం చేస్తున్నారు. చిద్విలాసరావు గారు ఒక పిల్ల పుస్తకం అందుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు.

"గీత ప్రశంసనీయంగా ఉంది. కానీ ఈ చుక్కలు గీతకి వెలుపల ఉన్నాయేమిటి?"

"అక్కడ పడ్డాయి, అక్కడ పెట్టింది" అన్నాడు మాష్టారు.

"వెలుపల ఎందుకు పడ్డాయి?"

"థర్మామీటరు చూడటంలో కాస్త అటూ ఇటూ అవుతుంది. కిటికీలోంచి గాలి వస్తుంది. ఒకసారి పిల్ల తుమ్మింది."

"మాష్టారూ, ఒక గీత స్పష్టంగా ఉండగా, దాని మీదికి రాకుండా పక్కన నిలబడటాన్ని ఏమంటారు?"

"కొలత అంటారు."

"క్రమశిక్షణారాహిత్యం అంటారు" అన్నారు చిద్విలాసరావు గారు. పుస్తకం మూసి ఆ పిల్లకి జాలిగా ఇచ్చారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. విషయము: చేతితో గీయబడు గ్రాఫులయందు చుక్కల యథేచ్ఛా సంచారము, నివారణ చర్యలు. "ఇందుమూలముగా సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయడమేమనగా, ఇప్పటివరకు ముందు కొలత, తరువాత చుక్క, చివర గీత అను లోపభూయిష్టమైన వరుస అమలులో నున్నందున చుక్కలు గీతకు లోబడుట లేదు. ఇకమీదట ముందు గీత, తరువాత చుక్క, చివర కొలత అను వరుస పాటించవలెను. కొలత గీతతో ఏకీభవించని పక్షమున సదరు కొలత తీసిన విద్యార్థి, సదరు పరికరము, సదరు ఉపాధ్యాయుడు సంజాయిషీ ఇచ్చుకొనవలెను. గ్రాఫు పైభాగమున మూడు వేళ్ళ మేర ప్రత్యేకాధికారి సంతకమునకై ఖాళీగా విడువవలెను."

గీత ఎవరికి తోచినట్టు వాళ్ళు గీయకుండా బడికొక ఆకుపచ్చ ప్లాస్టిక్ పలక పంపారు. దాని అంచు వెంబడి పెన్సిలు నడిపితే జిల్లా అంతటా ఒకటే గీత పడుతుంది. మొదట్లో కాస్త పైకి లేచి, ఆపైన భోజనం చేసి పడుకున్నట్టు అడ్డంగా సాగిపోయే గీత.

హెడ్మాస్టరు సూర్యచంద్రరావు ఆ పలకని రెండు చేతులా అందుకున్నాడు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. అది దగ్గరపడ్డ కొద్దీ ఆయన నడుం వంగుతూ వచ్చింది.

"మనకెందుకు చెప్పండి మాష్టారూ. గీత వాళ్ళది. చుక్క ఒకటే కదా మనది."

"కొలత ఎవరిది?"

"చివర కదండీ అది. అంతదాకా ఎవరు చూడొచ్చారు."

వేడినీళ్ళ ప్రయోగం మళ్ళీ చేశారు. గీత ముందే గీశారు కాబట్టి, పొయ్యి మీంచి దించిన నీళ్ళు కాసేపు ఇంకా వేడెక్కి, తరువాత ఆ వేడి అలాగే నిలిచిపోయింది. ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"దించేశాక నీళ్ళు ఇంకా కాగుతాయా సార్?"

"ఈ జిల్లాలో కాగుతాయి. కూర్చో" అన్నాడు మాష్టారు.

థర్మామీటర్లతో ఇక పని లేదు గనుక వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. వాటి దగ్గర సంజాయిషీ అడగకుండా ఊరుకున్నది అందుకే.

సూర్యచంద్రరావు అక్కడితో ఆగలేదు. భయపడ్డ మనిషి అడిగిన దానికంటే ఎక్కువ చేస్తాడు. హాజరు గ్రాఫుకి కూడా పలక పెట్టాడు. నెల మొదట్లో గీత కిందుంటుంది కాబట్టి, ఒకటో తారీఖున ప్రార్థన కాగానే సగం మంది పిల్లల్ని ఇళ్ళకి తోలేశారు. నెల మధ్యలో జ్వరాలొచ్చి పిల్లలు తగ్గితే, గీత తగ్గదు కాబట్టి, పక్కనున్న ఎలిమెంటరీ స్కూలు నుంచి పిల్లల్ని అరువు తెచ్చి పదో తరగతిలో కూర్చోబెట్టారు. వాళ్ళు అక్కడ బాగానే చదువుకున్నారు. మధ్యాహ్న భోజనానికీ పలకే. వంట చేసే సత్యవేణి దగ్గరికి హెడ్మాస్టరు స్వయంగా వెళ్ళి, గీత ప్రకారం ఇవాళ గుడ్లు ఎన్నో లెక్కగట్టి చెప్పాడు. పిల్లలకి తలా ముప్పాతిక వచ్చింది.

"గుడ్డుని గీత పెకారం ఎలా కొయ్యాలో సూపించండి బాబూ. కత్తి ఇక్కడే ఉంది" అంది సత్యవేణి.

ఆయన చూపించలేదు. జిల్లా మొత్తానికి కొత్తరేవు మొదటి బహుమతి కొట్టింది. చిద్విలాసరావు గారు మళ్ళీ వచ్చి పుస్తకాలన్నీ తిరగేశారు.

"చూడండి, చుక్కలు పూసలు గుచ్చినట్టున్నాయి. నెలాఖరున జిల్లా గ్రాఫు మహోత్సవం ఇక్కడే జరుపుదాం" అని బయటికి వస్తూ, వరండాలో ఆగిపోయారు. ఆ గోడ మీద చుక్కలు గీతకి అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఇది ఎవరి గ్రాఫు?"

"గోదారిదండి" అన్నాడు సూర్యచంద్రరావు.

"శాఖాపరమైన ప్రాంగణంలో ఉందా, లేదా?"

"ఉందండి."

"అయితే శాఖదే."

"దీన్ని బట్టి పడవ నడుస్తుంది. పడవని బట్టి పశువులు బతుకుతాయి" అన్నాడు భీమశంకరం మాష్టారు.

"మరీ మంచిది. ఇకనుంచి ఒక పద్ధతిగా బతుకుతాయి."

"మీ పలక గీత ఎర్రగీత దాకా వెళ్ళదు. ఎర్రగీత మీ సంతకం చోట్లో ఉంది."

"వెళ్ళవలసిన అవసరమేమిటి?"

"వరద వస్తే?"

చిద్విలాసరావు గారు ఓపికగా నవ్వారు. "ఆమోదించిన గీతలో వరద ఉందా మాష్టారూ?"

"లేదు."

"మరి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

వెళ్ళే ముందు ఆయన ఇంకొక వాక్యం రాయించి వెళ్ళారు. ఆమోదము పొందని కొలతలను ఉపాధ్యాయులు నోటిమాటగా ప్రచారము చేయుట శిక్షార్హము.

మర్నాడు నూకరత్నం పాలక్యాను చంకన పెట్టుకుని కాగితం ముందు చాలాసేపు నిలబడింది. నెలాఖరు దాకా గీత గీసేసి ఉంది.

"దీనికేమైంది మాష్టారూ. అచ్చు మా ఆడపడుచు మొకంలా ఉంది. ఇంట్లో పెళ్ళైనా సావైనా ఒకటే నవ్వు."

మాష్టారు కాగితం పైన సంతకానికి వదిలిన ఖాళీ వంక చూశాడు.

"రేవులో సూసొచ్చానండి. కొలతరాయి మీద నిన్న కనపడ్డ గీట్లు ఇయ్యాల కనపట్టం లేదు. నా పెద్దగేదె సూడిది. నెలలు నిండాయి. దాన్ని ఆఖర్న పరుగులెట్టించి ఎక్కించలేను. ముందే తెచ్చుకోవాల."

"ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళు."

వెళ్ళింది. ప్రెసిడెంటు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"పడవ ఇప్పించండి బాబూ. గోదారి పెరుగుతుంది."

"గీత తాకిందా?"

"గీత తాకదండి. దానికి కాళ్ళిరగ్గొట్టారు. నీళ్ళు తాకుతున్నాయి."

"నీళ్ళు తాకితే పడవిమ్మని తీర్మానంలో లేదమ్మా. గీత తాకితేనే ఉంది. నిన్నటిదాకా మీరే కదా, మా బావమరిది మాట కాదు, గీత మాటే అన్నది."

పక్కనే కూర్చున్న బావమరిది కాఫీ చప్పరించాడు.

ఆమె తిరిగొచ్చి ఆ మాట చెప్పినప్పుడు మాష్టారు సైన్సు గదిలో ఒక్కడే ఉన్నాడు. "రెండు పోగొట్టుకున్నానండి ఒకసారి. ఇప్పుడు నాలుగూ, కడుపులో ఉన్న దాంతో ఐదూ" అంది, గొంతు పెంచకుండా. ఆమె వెళ్ళాక ఆయన ఉత్తర్వు బయటికి తీసి మొదటినుంచి చదివాడు. గీత గురించి ఉంది. చుక్క గురించి ఉంది. కొలత గురించి, సంతకం గురించి, నోటి గురించి ఉంది. ఎర్రగీత గురించి ఎక్కడా లేదు. మళ్ళీ చదివాడు. లేదు. ఆయన చాలా రోజుల తరువాత నవ్వాడు. అది చూడటానికి అంత బాగుండదు.

ఆయన స్వయంగా రేవులోకి దిగి కొలతరాయి చూసి వచ్చాడు. రబ్బరు పెట్టి ఎర్రగీత చెరిపాడు. పెన్సిలు చెక్కుకుని, స్కేలు పెట్టి, నీళ్ళు ఎంత పెరిగాయో అంత కిందికి కొత్త ఎర్రగీత గీశాడు. ఆమోదించిన గీత జోలికి పోలేదు. అది హాయిగా పడుకునే ఉంది.

మరుసటి ఉదయం ఎర్రగీత ఇంకాస్త దిగింది. ఆ సాయంత్రం మరికాస్త. నూకరత్నం వచ్చి చూసింది. తల పక్కకి వంచి మళ్ళీ చూసింది.

"ఇదివరకు గీత పైకెక్కేది. ఇప్పుడు ఎర్రది కిందికి దిగుతుందేంటి మాష్టారూ?"

"నేను నోటితో చెప్పకూడదు."

"సెప్పకండి. నాకు కళ్ళున్నాయి." పాలక్యాను ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకుంది. "మనిసి నిచ్చెన ఎక్కినా, అటక కిందికి దిగినా ఒకటే. తల తగులుద్ది."

మాష్టారు ఆమె వైపు చూడకుండా పెన్సిలు చెక్కుకున్నాడు.

నెలాఖరు వచ్చింది. గ్రాఫు మహోత్సవానికి చిద్విలాసరావు గారు రేవు దిగువన ఇసుక తిన్నె ఎంచుకున్నారు. గట్టు మీద చోటుందని సూర్యచంద్రరావు నసిగాడు. గీత అడ్డంగా పడుకుని ఉండగా తిన్నెకి భయమేమిటని ఆయన అడిగారు. తిన్నె మీద షామియానా వేశారు, కుర్చీలు వేశారు, చివరన నీళ్ళ వైపు వేదిక కట్టారు. వెనక తెర మీద ఆకుపచ్చ గీత ఏనుగంత పెద్దది వేయించారు.

ఆ రోజు ఉదయం ఎర్రగీత వచ్చి ఆమోదించిన గీత మీద ఆనింది. నూకరత్నం ప్రెసిడెంటుని వరండాలోకి తీసుకొచ్చింది.

"తాకిందా బాబూ?"

ప్రెసిడెంటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. గోరు పెట్టి చూశాడు. "తాకింది."

"ఎర్రది దిగొచ్చి తాకింది బావా. మోసం" అన్నాడు బావమరిది.

"ఏది దేని దగ్గరికి రావాలో తీర్మానంలో లేదు" అన్నాడు ప్రెసిడెంటు. కొన్నాళ్ళుగా ఉత్తర్వుల గాలి తగిలి ఆయనకీ ఆ భాష అబ్బింది. "పడవ పశువులకి ఇచ్చేశాను."

పడవ నడిపే పోలయ్య ఒక్కొక్క దఫాకి కొన్ని చొప్పున గేదెల్ని తెస్తూ పోయాడు. ఒడ్డెక్కిన గేదెలు ఊళ్ళోకి వెళ్ళే దారి షామియానా మీదుగానే. చిద్విలాసరావు గారు మైకులో "చుక్కకి గీతే తల్లి, గీతే తండ్రి" అంటుండగా ఒక దున్న వచ్చి ముందు వరసలో నిలబడింది.

"ఈ పశువులేమిటి?"

"వరదండి" అన్నాడు సూర్యచంద్రరావు.

"గీత ఎంత ఉంది?"

ఒక మాష్టారు బడికి పరుగెత్తి చూసి వచ్చాడు. "పడుకునే ఉందండి."

"అయితే వరద లేదు. కూర్చోండి."

జనం కూర్చున్నారు. కాసేపటికి చెప్పులు తడిశాయి. ఇసుకలో ఊట అని చిద్విలాసరావు గారు వివరించారు. చెప్పులు తేలాయి. బలమైన ఊట అన్నారు. కుర్చీ కిందికి నీళ్ళు రాగానే సూర్యచంద్రరావు, అంతవరకు వంగి ఉన్న నడుం నిటారుగా చేసి, ఎవరినీ అడక్కుండా గట్టెక్కేశాడు. ఆయన వెనక జనమంతా ఎక్కారు. వేదికకీ గట్టుకీ మధ్య గోదారి పారింది. చిద్విలాసరావు గారు వేదిక మీద మైకుతో మిగిలారు. ఏనుగంత గీత తెరతో సహా ఊడి, అడ్డంగా పడుకున్న భంగిమలోనే సముద్రం వైపు సాగిపోయింది.

అప్పుడు లంకనుంచి ఆఖరి దఫా వస్తోంది. పడవలో పోలయ్య, నూకరత్నం, ఆమె గేదెలు ఉన్నాయి. సూడిగేదె నొప్పులొచ్చి కదలక ఆఖరిదాకా ఉండిపోయి, పడవలోనే ఈనింది. దూడ ఆమె చీరకొంగులో ఉంది.

"ఆపవయ్యా, పడవ ఆపు" అన్నారు చిద్విలాసరావు గారు మైకులో. మైకు అప్పటికే ఆగిపోయింది.

పోలయ్య గడ వేసి పడవ నిలిపాడు. "ఇది పశువులకండి బాబూ. గీత తాకిన రోజున మనుసుల్ని ఎక్కించకూడదు. తీర్మానం ఉంది."

"నేను ప్రత్యేకాధికారిని."

"అది తీర్మానంలో లేదండి."

నీళ్ళు ఆయన బెల్టు దాకా వచ్చాయి. గట్టు మీద ఊరంతా నిలబడి చూస్తోంది. భీమశంకరం మాష్టారు కూడా ఉన్నాడు. ఆయన నోరు మెదపలేదు. నోటిమాట శిక్షార్హం.

నూకరత్నం చిద్విలాసరావు గారిని కిందినుంచి పైదాకా చూసింది. కొనబోయే పశువుని అలాగే చూస్తారు.

"ఎక్కించుకో పోలయ్యా. ఎవరన్నా అడిగితే నాదేనని సెప్పు."

ఆయన గేదెల మధ్య గట్టు చేరారు. దూడని ఒడిలో పట్టుకోమని నూకరత్నం ఇస్తే పట్టుకున్నారు కూడా.

వరద తీశాక శాఖ గుణపాఠం నేర్చుకుంది. మరుసటి ఏడాదికి కొత్త పలక వచ్చింది. అందులో గీత నెలంతా పడుకుని, సరిగ్గా వరద వచ్చిన తారీఖునే నిటారుగా లేచి కాగితం పై అంచు తాకుతుంది. సంతకం చోటు కూడా వదులుకున్నారు. అది శాఖ చేసిన త్యాగమని ఉత్తర్వులో రాశారు. ఆ పలకతోనే వేడినీళ్ళు నెలాఖరున ఉన్నట్టుండి పొంగాయి. హాజరు ఆఖరి రోజున మూడింతలు కావలసి వచ్చి, సత్యవేణిని, పోస్ట్‌మ్యాన్‌ని, బావమరిదిని ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టారు.

ఆ ఏడు వానలు లేవు. గోదారి చీలమండలోతు ఉంది. అయినా ఆమోదించిన గీత లేచిన రోజున పడవలొచ్చాయి, మైకులొచ్చాయి. గేదెల్ని లంక మీంచి తక్షణం ఖాళీ చేయించవలెనని చిద్విలాసరావు గారు కొత్త హోదాలో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని వచ్చారు. ప్రెసిడెంటు తీర్మానం చేతపట్టుకుని బడికి వెళ్ళాడు. నూకరత్నం పాలక్యానుతో వెనకే వెళ్ళింది. లంకలో నాలుగు గేదెలూ, ఎదిగిన దూడా మేస్తున్నాయి. ఈ ఊళ్ళో గడ్డి పోచ లేదు. ఇవతలికి తెస్తే వాటికి మేత లేదు.

కాగితం మీద గీత పై అంచుదాకా లేచి ఉంది. ఎర్రగీత మాత్రం కాగితం మీద లేదు.

ప్రెసిడెంటు తలెత్తి వెతికాడు. ఎర్రగీత కాగితం దాటి, గోడ మీద, దూలం కింద ఉంది. స్కేలు పెట్టి, సన్నటి పెన్సిలుతో, నీటుగా గీసి ఉంది.

"తాకలేదు" అన్నాడు ప్రెసిడెంటు. ఇంటికి వెళ్ళిపోయాడు.

నూకరత్నం దూలం వంక చూసి కొంగుతో మూతి తుడుచుకుంది.

"అటక ఎత్తు చేయించారన్నమాట మాష్టారూ."

"నేను నోటితో చెప్పకూడదు" అన్నాడు భీమశంకరం మాష్టారు. "పాలు పోసి వెళ్ళు."